ఖాళీగా తిరిగిరాని డబ్బా

మా ఇళ్లలో పుట్టినరోజు కేకు తినడం కన్నా తినిపించడం ముఖ్యం. కోసినవాళ్లు ఇంట్లో ఉన్న ప్రతివాళ్ల నోట్లో ఒక ముక్క పెడతారు. తర్వాత వాళ్లందరూ వరసగా వచ్చి కోసినవాళ్ల నోట్లో తలా ఒక ముక్క పెడతారు. ఈ పద్ధతి ఎవరు మొదలెట్టారో తెలియదు. చిన్నప్పుడు ఇది మా క్రైస్తవుల ఇళ్లలోనే అనుకునేదాన్ని. పెళ్లయి భవానీపురం వచ్చాక చూస్తే అందరి ఇళ్లలోనూ ఇదే తంతు. ఒకసారి మా ఆయన పుట్టినరోజుకి ఆఫీసువాళ్లంతా వచ్చారు. ఆయనకి రెండు బుగ్గలూ నిండిపోయి, ఇక పెట్టకండి అని చెప్పడానికి కూడా నోట్లో చోటు లేక, చేతులెత్తి దండం పెట్టారు. ఆ ఫోటో ఇప్పటికీ మా హాల్లో ఉంది.

అందుకే మా అమ్మాయికి గోధుమ పనికిరాదని తేలినప్పుడు నాకు చపాతీల కన్నా ముందు కేకే గుర్తొచ్చింది.

అది తేలడానికే చాలాకాలం పట్టింది. పిల్ల ఎండిపోతుంటే ఒకరు నులిపురుగులన్నారు, ఒకరు రక్తం తక్కువన్నారు, మా అత్తగారు దిష్టి అన్నారు. చివరికి ఒక పెద్ద డాక్టరుగారు సీలియాక్ అని పేరు చెప్పారు. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే జిగురు ఈ పిల్ల పేగుల్ని దెబ్బతీస్తోందనీ, దీనికి మందు లేదనీ, జీవితాంతం గోధుమపిండి, మైదా, బొంబాయి రవ్వ తగలకూడదనీ అన్నారు. తగలకూడదు అనే అన్నారాయన. తినకూడదు అనడానికీ తగలకూడదు అనడానికీ ఉన్న తేడా నాకు బోధపడేసరికి కొన్ని నెలలు గడిచాయి. మా చుట్టాలకి ఇప్పటికీ బోధపడలేదు.

మనం అన్నం తినేవాళ్లమే కదా, ఏం కష్టం అనుకున్నాం మొదట్లో. ఇంగువలో కూడా గోధుమపిండో మైదానో కలుపుతారని డబ్బా వెనక అక్షరాలు చదివేదాకా నాకు తెలియదు. పప్పుచారులోంచి కూడా వస్తుందన్నమాట శత్రువు. దాంతో వంటగదిలో ఒక అర పిల్లకి ప్రత్యేకించాను. దాని మూకుడు వేరు, గరిటె వేరు, జల్లెడ వేరు, మిక్సీ జారు వేరు, పిండి డబ్బా వేరు. అన్నిటికీ ఎర్ర టేపు అంటించాను. "ఇది వంటిల్లా, బాణసంచా గోడౌనా?" అనేవారు మా ఆయన. అన్నా, ఆ ఎర్ర టేపు వస్తువుల జోలికి మాత్రం వెళ్లేవారు కాదు. వెళ్లరనే నేనూ నమ్మాను.

ఇంట్లో సరే, బయట పిల్ల నోరు కట్టుకోవడం చూడలేకపోయేదాన్ని. చర్చిలోనైనా, పెళ్లిళ్లలోనైనా, "ఒక్క ముక్కకి ఏమవుతుందమ్మా, పాపం" అంటూ చేతులు దాని మొహం మీదికి వచ్చేవి. మనవాళ్ల ప్రేమ చేతుల్లోంచే కదా వస్తుంది. అది పెదాలు బిగించి మొహం తిప్పుకోవడం నేర్చుకుంది. దాని పుట్టినరోజులకి బేకరీ కేకు తెచ్చేవాళ్లం. అదే కోసేది, అందరికీ తనే తినిపించేది, తన వంతు వచ్చేసరికి ఒక కొబ్బరి ఉండ తీసుకుని పక్కకి వెళ్లేది. రానురాను ఎవరి చేయి మొహం దగ్గరికి వచ్చినా పెదాలు బిగుసుకునేవి. ఆఖరికి నా చేయి వచ్చినా అంతే. ఆవకాయ కలిపి ముద్ద పెడతానంటే, "నేను తింటాలే అమ్మా" అని కంచం తన వైపు లాక్కునేది. నా చేతి ముద్ద కోసం మా ఆయనతో పోటీపడి నోరు తెరిచిన పిల్ల అది. ఏ రిపోర్టు చూసినా నాకు అంత బాధ కలగలేదు.

ఈ ఏడు వేసవి సెలవులివ్వగానే, "నా బర్త్‌డేకి కేకు వద్దమ్మా" అంది.

"ఏం?"

"నా బర్త్‌డేకి నేనే క్యాటరింగ్ అమ్మాయిలాగా ఉంటున్నా. అందరికీ పెట్టడం, నేను చూడటం."

నవ్వుతూనే అంది. నేను మాత్రం నవ్వలేకపోయాను. కోపమొస్తే నాకు మాట ముందు, ఆలోచన తర్వాత. "ఈసారి కేకు నేనే చేస్తా. మూడు పొరల కొబ్బరి కేకు. మైదా గాలి కూడా సోకదు. నువ్వు తింటావు, అందరి చేతా తింటావు" అనేశాను.

"అందరి చేతులూ కడిగిస్తావా?"

"సబ్బు పెట్టి కడిగిస్తా."

కాసేపు నావైపు చూసి, "సరే, చూద్దాం" అంది. పెద్దవాళ్లు మాట తప్పుతారని బాగా తెలిసిన పిల్ల అన్నట్టు అంది. అప్పుడు నాకు పంతం పట్టింది.

కేకుల విషయంలో నాకు కొంచెం పొగరు కూడా ఉంది. మా చర్చిలో క్రిస్మస్‌కి నా చేతి కేకంటే పేరుంది. బియ్యప్పిండితో చేయడమేమంత బ్రహ్మవిద్య అనుకున్నాను. మొదటి కేకు ఓవెన్లోంచి తీసి ముట్టుకోగానే రాలిపోయింది. కృష్ణలో ఇసుక తెచ్చి టిన్నులో పోసినట్టుంది. రెండోసారి గుడ్లు ఎక్కువ కొట్టాను. గట్టిగా, బరువుగా, అడుగు ఎర్రగా కాలి, అచ్చం దిబ్బరొట్టెలా దిగింది. మా ఆయన దానికి అల్లప్పచ్చడి నంజుకుని తిన్నారు. బాగుందన్నారు కూడా. దాంతో నాకు ఇంకా ఒళ్లు మండింది.

తప్పు ఎక్కడుందో ఆలోచించాను. మైదాలో ఉండే జిగురు బియ్యంలో లేదు. ఆ జిగురే కదా ఈ పిల్లకి పడనిది. మరి ముక్కని పట్టి ఉంచేది ఏది? సగ్గుబియ్యం పొడి కొట్టి బియ్యప్పిండిలో కలిపాను. కొబ్బరిపాలు పోసి కలిపిన పిండిని వెంటనే ఓవెన్లో పెట్టకుండా కాసేపు నాననిచ్చాను. తెల్లసొన విడిగా నురగొచ్చేదాకా గిలక్కొట్టి చివర్లో కలిపాను. అప్పటికి కేకు రూపానికొచ్చింది. మధ్యలో కరెంటు పోయి ఓవెన్ చల్లారకపోతే ఇంకా బాగా వచ్చేదేమో. కూతవేటు దూరంలో ఇబ్రహీంపట్నంలో రాత్రీపగలూ కరెంటు తయారవుతుంటే, మా ఫ్లాట్లకి మాత్రం కేకు పొంగే వేళకే పోతుంది.

ఇక మిగిలింది ఒక్క గరుకుదనమే. బియ్యం మిక్సీలో ఎంత తిప్పినా, ఎన్నిసార్లు జల్లించినా, పంటి కింద సన్నగా రవ్వలా తగులుతుంది. మర పట్టిస్తే మెత్తగా వస్తుందని నాకు తెలుసు. మా వీధి చివర మరలో ఉన్నది ఒకటే యంత్రం. పొద్దున్నించీ అందరి గోధుమలూ అందులోనే పడతాయి. ఆ రాళ్ల మధ్య గోధుమపిండి లేని గడియ ఉండదు. అందుకే గరుకైనా మిక్సీయే నయమనుకున్నాను.

ఈ ప్రయోగాలన్నిటినీ రుచి చూసింది ఎదురు ఫ్లాటు పిన్నిగారు. పిన్నిగారని నేను పిలుస్తాను, మా అమ్మాయికి ఆవిడ మామ్మగారు. పెడన దగ్గర నేతపని చేసుకునే కుటుంబంలో పుట్టారు. వాళ్లాయనకి వన్‌టౌన్‌లో చీరల కొట్టుంది. ఏ వస్తువు చూసినా ముందు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూస్తారావిడ. చీర కొంగైనా, కొత్తిమీర కట్టైనా, నా కేకైనా అంతే. విడిగా గుడ్డు ముట్టరు. కేకులో పడ్డ గుడ్డు గుడ్డు కాదని ఆవిడ లెక్క.

నేను స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చేదాకా మా అమ్మాయి ఆవిడ దగ్గరే పెరిగింది. ఆవిడ చేతి పెరుగన్నం తిని, ఆవిడ మంచం మీదే పడుకునేది. గోధుమ సంగతి తేలాక ఆవిడ భయపడిపోయి పిల్లకి తినడానికేమీ ఇవ్వడం మానేశారు. బదులుగా కొట్టు నుంచి గుడ్డముక్కలు తెప్పించి బొమ్మలకి గౌన్లు కుట్టిచ్చేవారు. అంత భయం ఉన్న మనిషే, నా రెండో కేకు నలిపి చూసి, "చిటికెడు మైదా వెయ్యవే అమ్మాయ్, పట్టుకుంటుంది" అన్నారు.

"చిటికెడు కూడా కూడదు పిన్నిగారూ."

"చిటికెడేగా."

"విషం కూడా చిటికెడే వేస్తారు" అన్నాను. ఆవిడ నొచ్చుకోలేదు. నా నోటి సంగతి ఆవిడకి తెలుసు.

పుట్టినరోజు ముందు వారం అమ్మాయిని తీసుకుని బందరులో మా అక్క ఇంటికి వెళ్లాను. వెళ్లేముందే బియ్యం కడిగి, ఆరబెట్టి, మిక్సీ పట్టి, జల్లించి, ఎర్ర టేపు డబ్బాలో నింపి పెట్టాను. వచ్చీరాగానే కేకు పని మొదలుపెట్టొచ్చని.

వచ్చి డబ్బా మూత తీస్తే నిండుగా, తెల్లగా ఉంది. వేళ్లతో తీసి నలిపితే పౌడర్‌లా జారిపోయింది. నా చేతి పనేనా ఇది అనుకున్నాను. కాస్త గర్వపడ్డాను కూడా. ఇంతకాలం మిక్సీ పట్టీ పట్టీ చివరికి చేయి తిరిగిందనుకున్నాను.

ఆ కేకు సంగతి ఇప్పుడు తలుచుకున్నా నోరూరుతుంది, వెంటనే మనసు చివుక్కుమంటుంది. మూడు పొరలూ చదునుగా, మెత్తగా, ఎక్కడా పగుళ్లు లేకుండా పొంగాయి. కోరిన కొబ్బరిలో పాలూ పంచదారా వేసి లేతపాకంలో లౌజు చేసి, పొరకీ పొరకీ మధ్య పరిచాను. మామూలుగా వేసే క్రీము బెజవాడ ఎండల్లో పాస్టరుగారి ప్రార్థన ముగిసేలోపు జారి పళ్లెంలోకి వస్తుంది. అందుకని పైన సన్నగా వెన్న రాసి పచ్చికొబ్బరి కోరు అద్దాను. తెల్లటి గుమ్మటంలా నిలబడింది. మా అమ్మాయి దాని చుట్టూ తిరిగి, వంగి వాసన చూసి, "ఇది నిజంగా నాదేనా?" అంది.

"మొత్తం నీదే."

సాయంత్రానికి నలుగురు క్లాసు పిల్లలు, పాస్టరుగారు, పిన్నిగారు వచ్చారు. గుమ్మంలోనే సబ్బు, బకెట్టు, మగ్గు పెట్టి వచ్చినవాళ్లందరి చేతా చేతులు కడిగించాను. పాస్టరుగారు కూడా మాట్లాడకుండా కడుక్కున్నారు. ప్రార్థన అయింది. పాట పాడారు. పిల్ల కత్తి పట్టుకుంది. అంతలో పిన్నిగారు అలవాటు ప్రకారం పళ్లెంలో రాలిన పొడి వేళ్లతో తీసి నలిపి చూశారు.

"ఎంత మెత్తగా వచ్చిందే అమ్మాయ్. ఎంతైనా మర పిండి మర పిండే. మిక్సీలో ఈ మెత్తన రాదు" అన్నారు.

"ఏ మర పిండి పిన్నిగారూ?"

"అదేనే, నేను డబ్బా నిండా పోసిచ్చిన పిండి. వడియాలకి ఎసట్లో పిండి పోస్తుంటే సగంలో చాల్లేదు. మీ ఆయన్నడిగి మీ డబ్బా పట్టుకెళ్లా. ఖాళీ డబ్బా ఇస్తానా మరి? మర్నాడే డబ్బా కడిగి, మన వీధి చివర మరలో బియ్యం పట్టించి, నిండా పోసి ఇచ్చా."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బియ్యప్పిండికి బియ్యప్పిండే కదా అనుకున్నా" అన్నారు మెల్లగా.

ఆయన్ని తప్పు పట్టడానికీ లేదు. ఎర్ర టేపు డబ్బాలోంచి బియ్యప్పిండి వెళ్లింది, ఎర్ర టేపు డబ్బాలోకి బియ్యప్పిండే వచ్చింది. పిన్నిగారిని తప్పు పట్టడానికి అసలు లేదు. మా వైపు గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరు. కూర పంపిన గిన్నెలో కనీసం పంచదారైనా పోసి ఇస్తారు. పిండి తీసుకుంటే తీసుకున్నదానికన్నా నాలుగు గుప్పిళ్లు ఎక్కువే పోసి ఇస్తారు. ఆ మర్యాదే గోధుమల మరలోంచి తిరిగొచ్చి నా పిల్ల కేకులో కూర్చుంది. అరికాలి మంట నెత్తికెక్కింది గానీ, దాన్ని ఎవరి మీద దించాలో తెలియలేదు.

నేను నోరు తెరిచేలోపే, "అమ్మా, కోసేయనా? అందరూ నిలబడ్డారు" అంది మా అమ్మాయి.

దానికి అర్థమైపోయింది. మర దగ్గరికి తనని ఎందుకు పంపనో దానికి తెలుసు. కత్తి దించింది. మూడు పొరలూ తెగి, మధ్యలో లౌజు చారలు చారలుగా కనిపించింది. మొదటి ముక్క తీసి, "మామ్మగారూ, ముందు మీకు" అని ఆవిడ నోట్లో పెట్టింది. తర్వాత పాస్టరుగారికి, పిల్లలకి, వాళ్ల నాన్నకి. నాకు పెట్టేటప్పుడు మాత్రం నా కళ్లలోకి చూడలేదు.

ఇక దానికి తినిపించే వంతు. అందరికన్నా ముందు పిన్నిగారు ముక్క తీసుకుని చేయి చాచారు. ఇన్నాళ్ల తర్వాత భయం లేకుండా ఈ పిల్లకి తినిపించబోతున్నానన్న సంతోషం ఆవిడ మొహమంతా ఉంది. మా అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసింది.

"నేను గిన్నెలో మిగిలిన లౌజు తింటా మామ్మగారూ. అందులో పిండి లేదు."

పిన్నిగారి చేయి గాల్లోనే ఆగిపోయింది. కేకు వైపు చూశారు, నా వైపు చూశారు. "మర..." అని మాత్రం అన్నారు. ముక్క పళ్లెంలో పెట్టేసి, కొంగుకి చేయి తుడుచుకుని, పొయ్యి మీద పాలున్నాయంటూ వెళ్లిపోయారు. పాలు లేవని నాకు తెలుసు. ఆపినా ఆగే మనిషి కాదు.

పిల్ల చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి, దాని ఎర్ర టేపు స్పూనుతో లౌజు తింది. వచ్చిన పిల్లలు కేకు మళ్లీ మళ్లీ అడిగి వేయించుకున్నారు. అందరూ వెళ్లాక, "కోపం రాలేదా నీకు?" అని అడిగాను.

"వచ్చింది. కానీ మామ్మగారు తెలిసి చేయలేదుగా. నువ్వు అరుస్తావేమోనని భయమేసింది" అంది. "వాసన చాలా బాగుందమ్మా" అని కూడా అంది. ఆ ఒక్క మాటకి నాకు ఏడుపొచ్చింది.

మర్నాటి నుంచీ ఎదురు ఫ్లాటు తలుపు మూసే ఉంది. మామూలుగా పగలంతా తీసే ఉండే తలుపు అది. కరివేపాకు, పెరుగు తోడు, పేపరు, అన్నీ ఆ గుమ్మానికీ ఈ గుమ్మానికీ మధ్య తిరుగుతుండేవి. నేను రెండుసార్లు బెల్లు కొట్టాను. వాళ్లాయన తీసి, "పడుకుందమ్మా" అన్నారు. రెండోసారి, "ఆ పిల్ల మొహం చూడటానికి మొహం చెల్లడం లేదంటోంది" అని నిజం చెప్పేశారు. మేడ మీద వడియాలు ఎండుతున్నాయి గానీ తీసేవాళ్లు లేరు. నేనే తీసి వాళ్ల గుమ్మంలో పెట్టాను. నాకు దిగులుగా ఉండేది. పిల్లకి కేకు పెట్టలేకపోయాను సరే, ఉన్న మామ్మగారిని కూడా దూరం చేసినట్టయింది.

ఒకరోజు పొద్దున్నే మా అమ్మాయి ఎర్ర టేపు డబ్బా బోర్లించి ఉన్న పిండంతా పారబోసింది. సబ్బు పెట్టి తోమి, ఎండలో పెట్టింది. ఆరాక పట్టుకుని బయటికి వెళ్లి, వెంటనే ఉత్తచేతులతో తిరిగొచ్చింది.

"డబ్బా ఏదే?"

"మామ్మగారికి ఇచ్చేశా."

"ఏమని ఇచ్చావు?"

"ఏమీ అనలేదు. తాతగారు తలుపు తీశారు. మామ్మగారికి ఇవ్వండి అని చేతిలో పెట్టి వచ్చేశా."

"ఖాళీ డబ్బా ఎందుకిచ్చావే, ఆవిడ ఏమనుకుంటారు?"

"ఆవిడ ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వరు కదమ్మా" అంది.

ఈ తెలివి నా వైపు నుంచి వచ్చింది కాదు. మా వైపు వాళ్లకి ఇలాంటి సందర్భాల్లో అరవడమొక్కటే తెలుసు.

డబ్బా అంత త్వరగా రాలేదు. పిల్ల రోజూ ఎదురు తలుపు వైపు చూసేది. మా ఆయన "నేను వెళ్లి అడగనా?" అంటే, "వద్దు డాడీ, ఈసారి మీరు అస్సలు డబ్బా ముట్టుకోవద్దు" అంది. ఆయన బుద్ధిగా పేపరు వెనక్కి వెళ్లిపోయారు.

స్కూళ్లు తెరిచే ముందు ఒక ఆదివారం, మేం చర్చి నుంచి వచ్చేసరికి పిన్నిగారు మా తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో ఎర్ర టేపు డబ్బా. మనిషి కాస్త చిక్కినట్టున్నారు. లోపలికి వచ్చి డబ్బా బల్ల మీద పెట్టి మూత తీశారు. నిండా బియ్యం.

"పిండి కాదే అమ్మాయ్, బియ్యం. నేనే ఏరి, కడిగి, ఆరబోశా. పిండి నువ్వే పట్టుకో. ఆ మర పేరు నా దగ్గర ఎత్తకు" అన్నారు.

"మీరు అంత కష్టపడటం ఎందుకు పిన్నిగారూ?"

ఆవిడ వినిపించుకోలేదు. చెప్పాల్సింది ఇంకా ఉందన్నమాట. "కొట్టు నుంచి కొత్త తెల్లగుడ్డ తెప్పించి దాని మీద ఆరబోశా. కొత్తగుడ్డకి గంజి ఉంటుంది కదా. ఆ గంజి దేంతో పెట్టారో అని అనుమానమొచ్చింది. కొందరు మైదాతో కూడా పెడతారే. అందుకని వేడినీళ్లలో నానేసి, గంజంతా పోయేదాకా ఉతికి, ఎండేసి, అప్పుడు పరిచా. అందుకే ఇన్నాళ్లు పట్టింది."

గుడ్డకి పెట్టే గంజి సంగతి నాకెప్పుడూ తట్టలేదు. ఎర్ర టేపు నేను గిన్నెలకి అంటించాను, ఆవిడ ఆ జాగ్రత్తని తన బతుకంతా చూసిన గుడ్డదాకా తీసుకెళ్లారు. "మామ్మగారూ, ఇప్పుడే చేద్దామా?" అని మా అమ్మాయి ఆవిడ నడుము చుట్టూ చేతులేసింది.

మర పిండి తగిలిన టిన్నులూ గరిటెలూ నేను ముందే వేడినీళ్లతో తోమి పెట్టాను. బట్టలైనా మార్చుకోకుండా మొదలుపెట్టాం. పిన్నిగారు వంటింట్లో స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఏదీ ముట్టుకోకుండా చూశారు. నలిపి చూడటం కూడా మానేశారు. ఒక్కొక్కటీ తీస్తుంటే మాత్రం అడిగారు. బేకింగ్ పౌడర్ డబ్బా మీద ఏం రాసుందో చదవమన్నారు. వెన్న ఏ కత్తితో తీశావన్నారు. మిక్సీ తిరుగుతుంటే ఆ చప్పుడులోనే, "ఆపకు, ఇంకాస్త తిప్పు" అన్నారు. ఓవెన్లో పెట్టాక కరెంటు పోలేదు. దేవుడి దయ అన్నాన్నేను. "మా దేవుడికి కూడా చెప్పానులే" అన్నారావిడ.

కేకు మొదటిదానంత అందంగా రాలేదు. పై పొర మధ్యలో పగిలింది. మా ఆయన ఆ పగుల్లో లౌజు కూరి, కొబ్బరి కోరు పైన ఒత్తి అతికించారు. ఒక పక్కకి ఒరిగింది కూడా. పాట లేదు, పాస్టరుగారు లేరు, మేం నలుగురమే. మా అమ్మాయి కోసి, మొదటి ముక్క పిన్నిగారి నోటి దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"కాదు. ముందు నువ్వు."

లేచి సింకు దగ్గరికి వెళ్లి, వేలి ఉంగరం తీసి గట్టు మీద పెట్టి, సబ్బుతో గోళ్ల సందుల్లో కూడా రుద్ది కడుక్కున్నారు. తువ్వాలు ఇవ్వబోతే వద్దన్నారు. చేతులు గాల్లో విదిలించి ఆరబెట్టుకుని వచ్చి, చిన్న ముక్క తుంచారు. ఆ చేయి పిల్ల మొహం దాకా వెళ్లి ఆగిపోయింది.

"పెట్టనా?" అన్నారు నన్ను చూసి.

"నన్నడుగుతారేంటి, దాన్నడగండి" అన్నాను.

అడగాల్సిన పని పడలేదు. మా అమ్మాయి నోరు తెరిచింది. పెదాలు కాస్త విడదీయడం కాదు, చిన్నప్పుడు పెరుగన్నం ముద్దకి తెరిచినట్టు పెద్దగా తెరిచింది. ఆవిడ పెట్టారు. కొబ్బరి కోరు చెంపకి అంటుకుంది. మేం ముగ్గురం దాని దవడలు కదలడం చూస్తూ నిలబడ్డాం.

"కొంచెం గరుగ్గా ఉంది" అంది నమిలి మింగి.

"మర పట్టిస్తే మెత్తగా ఉండేది" అన్నారు మా ఆయన. ముందు నవ్వింది పిన్నిగారే. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

పిల్ల పుట్టినరోజు కేకులో మొదటి ముక్క పెట్టే హక్కు తల్లిదని నా లెక్క. మొదటిసారి బియ్యం కడిగిన నాటి నుంచీ ఆ ముక్క నా చేత్తో పెట్టినట్టు ఊహించుకుంటూనే ఉన్నాను. అది వేరేవాళ్లకి దక్కినందుకు నాకు కాస్త కుళ్లు పుట్టిన మాట నిజం. అయినా మా అమ్మాయి ఇంకో ముక్క కోసం మళ్లీ నోరు తెరిచి నిలబడింది. నేను వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి, పిన్నిగారి వెనక వరసలో నిలబడ్డాను.